ఆకాశహర్మ్యాల శిల్పి ఫజ్లుర్ రహమాన్ ఖాన్

అమెరికాలోని చికాగో నగరం మిచిగాన్ సరస్సు ఒడ్డున వెలసింది. నగరం నడుమ ఒక నది ప్రవహిస్తుంది. ఆ నది దక్షిణపు పాయకు తూర్పున, గట్టు నుండి కూతవేటు దూరంలో, నల్లని అల్యూమినియం రేకులనూ కంచువన్నె అద్దాలనూ ధరించి ఒక కార్యాలయ భవనం నిలిచి ఉంది. దాని ఎత్తు 442 మీటర్లు, అంతస్తులు 110. 1973లో శిఖరాన్ని అందుకొన్న ఈ సియర్స్ టవర్ దాదాపు పాతికేళ్ళపాటు ప్రపంచంలోని భవనాలన్నింటిలోకీ ఎత్తైనదిగా కీర్తి పొందింది. దాని రూపాన్ని ఊహించినవాడు బ్రూస్ గ్రాహమ్ అనే వాస్తుశిల్పి. ఆ రూపం గాలికి వెరవకుండా నిలబడే ఉపాయాన్ని కనుగొన్నవాడు గంగా, బ్రహ్మపుత్రా నదుల డెల్టాలో పుట్టిన ఒక ఇంజనీరు. భవనాన్ని చూసి ముచ్చటపడేవారు వాస్తుశిల్పి పేరు అడుగుతారు గాని, దాని ఎముకల గూడును అమర్చినవాని పేరు అడగడం అరుదు. ఆ లోకరీతికి మినహాయింపుగా నిలిచిన కొద్దిమందిలో ఫజ్లుర్ రహమాన్ ఖాన్ ముఖ్యుడు.

ఖాన్ 1929 ఏప్రిల్ 3న ఢాకాలో జన్మించాడు. వారి పూర్వుల గ్రామం నాటి ఫరీద్‌పూర్ జిల్లాలోని భండారికాంది. తండ్రి అబ్దుర్ రహమాన్ ఖాన్ గణితశాస్త్ర అధ్యాపకుడు. పాఠ్యపుస్తకాలు రచించి, విద్యాశాఖలో ఉన్నత పదవులు నిర్వహించినవాడు. లెక్క తప్పితే క్షమించని ఇంట, ఆ లెక్క ఎందుకు అలా వచ్చిందో తెలుసుకొనేదాకా వదలని వాతావరణంలో బాలుడు పెరిగాడు. ఇంజనీరింగు విద్యకోసం కలకత్తా సమీపంలోని శివపూర్‌లో ఉన్న బెంగాల్ ఇంజనీరింగ్ కళాశాలలో చేరాడు. అప్పటికే దేశం రెండు ముక్కలైంది. 1950లో కలకత్తాలో మతకలహాలు చెలరేగడంతో చదువు చివరి దశలో ఉండగానే ఆయన ఢాకాకు తిరిగి రావలసివచ్చింది. అక్కడి అహసనుల్లా ఇంజనీరింగ్ కళాశాలలో మిగిలిన చదువు ముగించి పట్టం పుచ్చుకొన్నాడు. కొంతకాలం అదే కళాశాలలో పాఠాలు చెప్పాడు.

1952లో ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనం లభించింది. ఆ సహాయంతో అమెరికా వెళ్ళి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ మూడేళ్ళలో రెండు మాస్టర్స్ పట్టాలనూ ఒక డాక్టరేటునూ సంపాదించాడు. 1955లో చికాగోలోని స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అనే పేరుగాంచిన నిర్మాణ రూపకల్పన సంస్థలో ఉద్యోగి అయ్యాడు. అయినా మాతృదేశానికి సేవ చేయాలన్న తలంపు ఆయనను విడవలేదు. 1957లో పాకిస్థాన్‌కు తిరిగివచ్చి కరాచీ అభివృద్ధి సంస్థలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పనిచేశాడు. కాని అక్కడ ఆయన బల్లమీదికి వచ్చినవి నిర్మాణ సమస్యలు తక్కువ, పాలనాపరమైన దస్త్రాలు ఎక్కువ. ఆ ఉద్యోగంలో తన విద్య తుప్పు పడుతున్నదని గ్రహించి 1960లో చికాగోకు మరలి పాత సంస్థలోనే చేరాడు. ఒక ప్రతిభావంతుని ఒక దేశం పోగొట్టుకొని మరొక దేశం అందుకొన్న సందర్భాలలో ఇది ఒకటి.

చికాగోకు ఎత్తైన భవనాలు కొత్త కాదు. 1871 నాటి ఘోర అగ్నిప్రమాదంలో ఊరు చాలా భాగం కాలిపోయాక, దానిని తిరిగి కట్టుకొనే ప్రయత్నంలోనే ఆధునిక ఆకాశహర్మ్యం పుట్టింది. 1885లో విలియం లె బారన్ జెన్నీ అక్కడ పది అంతస్తుల భవనాన్ని లోహపు చట్రం ఆధారంగా నిర్మించాడు. అంతకుముందు బరువంతా గోడలే మోసేవి. ఎత్తు పెరిగేకొద్దీ కిందిగోడలు కోటగోడల వలె మందమయ్యేవి. చట్రం వచ్చిన తరువాత బరువును స్తంభాలూ దూలాలూ తీసుకొన్నాయి. ఆ పద్ధతి మీదనే 1931లో న్యూయార్క్‌లో 381 మీటర్ల ఎంపైర్ స్టేట్ భవనం లేచింది. ఆ తరువాత సుమారు నాలుగు దశాబ్దాలు దానిని మించిన భవనం రాలేదు. ఆర్థికమాంద్యం, యుద్ధం కొంతవరకు కారణాలు. అసలు చిక్కు మాత్రం గాలిలో ఉంది.

ఈ చిక్కును కొంచెం వివరంగా తెలుసుకొంటే గాని ఖాన్ గొప్పతనం అర్థం కాదు. భవనం బరువు నేలవైపు దిగుతుంది. అంతస్తులు రెట్టింపైతే బరువూ ఇంచుమించు రెట్టింపవుతుంది. గాలి తీరు అలా ఉండదు. అది ప్రక్కనుండి తోస్తుంది. గాలి ఒత్తిడి అంతటా సమానమే అనుకొన్నా, ఎత్తు రెట్టింపైనప్పుడు భవనాన్ని పడదోసే శక్తి నాలుగింతలవుతుంది; తక్కినవేవీ మార్చకపోతే శిఖరం ఊగే దూరం పదహారింతలవుతుంది. నిజానికి పైకి పోయినకొద్దీ గాలి వేగం కూడా పెరుగుతుంది. కనుక ఎత్తు పెరిగేకొద్దీ, బరువు మోయడానికి కావలసిన ఉక్కుకంటె గాలిని తట్టుకోవడానికి వేసే అదనపు ఉక్కు అధికమై, భవనం యజమానికి గిట్టుబాటు కాకుండా పోయేది. ఎత్తుకు చెల్లించే ఈ అదనపు మూల్యాన్ని ఎలా తగ్గించాలన్నదే ఖాన్ తన ముందు ఉంచుకొన్న ప్రశ్న.

ఆయన ఆలోచన వినడానికి సులువుగా ఉంటుంది. పాతపద్ధతిలో స్తంభాలు భవనమంతటా చదరంగపు గళ్ళ మాదిరి పరచుకొని ఉండేవి. గాలిని ఎదిరించే పనిలో నడిమి స్తంభాలు చేసే సాయం స్వల్పం. ఆ స్తంభాలను బయటి గోడలకు చేర్చి, దగ్గరదగ్గరగా నిలిపి, అడ్డదూలాలతో గట్టిగా బిగిస్తే, భవనం నాలుగు ముఖాలూ కలిసి నేలలో పాతిన ఒకే పెద్ద గొట్టంలా ప్రవర్తిస్తాయి. వెదురును చూచినవారికి ఈ సూత్రం వింతగా తోచదు. లోపల డొల్ల అయిన వెదురు, తనలోని నారనంతటినీ అంచులకే చేర్చుకొని, అంతే బరువున్న గట్టికర్ర కన్నా గాలికి బాగా తట్టుకొంటుంది. సూత్రం సులువే అయినా, దానిని నలభై అంతస్తుల కాంక్రీటులో నమ్మి కట్టడానికి లెక్క కావాలి, ధైర్యం కావాలి. 1965 నాటికి చికాగోలో పూర్తయిన 43 అంతస్తుల డెవిట్ చెస్ట్‌నట్ నివాసభవనం ఈ గొట్టపు పద్ధతికి తొలి రూపం. ఆ తరువాత హ్యూస్టన్‌లో 1971లో పూర్తయిన 52 అంతస్తుల వన్ షెల్ ప్లాజాలో, గొట్టం లోపల మరో గొట్టాన్ని ఇమిడ్చి, తేలికైన కాంక్రీటుతో ఆయన మరింత ఎత్తుకు వెళ్ళాడు.

ఖాన్ ఉద్యోగంతోపాటు ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వాస్తువిద్యార్థులకు మార్గదర్శకుడుగా ఉండేవాడు. అక్కడ ఒక జపాను విద్యార్థి పరిశోధనలో, బయటి ముఖాలపై పెద్ద పెద్ద ఏటవాలు కమ్మీలు గుణకారపు గుర్తులవలె అల్లితే గొట్టం ఇంకా బలపడుతుందన్న విషయం తేలింది. ఈ ఆలోచనకు నిజరూపమే చికాగోలోని 100 అంతస్తుల జాన్ హాంకాక్ సెంటర్. ఎత్తు 344 మీటర్లు. కింద దుకాణాలు, వాహనశాలలు, పైన కార్యాలయాలు, ఇంకా పైన సుమారు 700 నివాసాలు. ఒక్కొక్క గుణకారపు గుర్తు పద్దెనిమిది అంతస్తుల మేర విస్తరించి ఉంటుంది. కొన్ని ఇండ్ల కిటికీలకు అడ్డంగా ఉక్కుకమ్మీ ఏటవాలుగా పోతుంది. ఇంతటి అడ్డును ఎవరు అద్దెకు తీసుకొంటారని సందేహించినవారు లేకపోలేదు. కాని ఆ కమ్మీలే భవనానికి గుర్తింపుచిహ్నాలయ్యాయి. ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు మీటరుకు సుమారు 206 కిలోల ఉక్కు పట్టగా, హాంకాక్ సెంటర్‌కు 145 కిలోలే సరిపోయింది. ఖాన్ ప్రశ్నకు ఆ రెండు అంకెలే జవాబు.

భవనం కూలకుండా ఉంటే చాలదు, అందులో కాపురమున్నవారికి తల తిరగకుండా ఉండాలి. ఎంత ఊగితే మనిషి గుర్తిస్తాడు, ఎంత ఊగితే భయపడతాడు అన్నది అప్పటికి సరిగా ఎవరికీ తెలియదు. ఖాన్ తన సహచరులతో చికాగోలోని విజ్ఞాన ప్రదర్శనశాలకు వెళ్ళి, అక్కడి కదిలే వేదికపై మనుషులను నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి, వారి అనుభవాలను నమోదు చేశాడు. ఆ ఫలితాలను తన లెక్కలతో సరిపోల్చుకొన్నాడు. కాగితం మీది అంకె వెనుక ఒక కుటుంబం భోజనం చేస్తూ ఉంటుందన్న స్పృహ ఆయన పనులన్నింటిలో కనిపిస్తుంది. హాంకాక్ నిర్మాణం నిరాటంకంగా సాగలేదు. ఉక్కు కొంత ఎత్తు లేచిన తరువాత, భూగర్భంలోని ఒక కాంక్రీటు పునాదిస్తంభం కుంగినట్లు బయటపడింది. పోత పోసేటప్పుడు లోపల ఖాళీ ఏర్పడడమే కారణం. పని నెలల తరబడి ఆగింది. మిగిలిన పునాదిస్తంభాలను కూడా పరీక్షించి, లోపాలు సరిదిద్దిన పిమ్మటనే నిర్మాణం తిరిగి మొదలైంది.

ఈ భవనం ఇంకా పూర్తి కాకముందే మరో పెద్ద పిలుపు వచ్చింది. సియర్స్ రోబక్ ఆనాటికి ప్రపంచంలోకెల్లా పెద్ద చిల్లర వర్తక సంస్థ. నగరంలో చెల్లాచెదురుగా ఉన్న తన వేలాది ఉద్యోగులనందరినీ ఒకే గూటికి చేర్చాలని అది సంకల్పించింది. భవిష్యత్తులో సిబ్బంది ఇంకా పెరుగుతారని అంచనా వేసుకొని, అంతవరకు పై అంతస్తులను ఇతరులకు అద్దెకు ఇవ్వాలని తలపెట్టింది. ఇందులోనే రూపకల్పనకు ఒక సంకటం వచ్చిపడింది. సియర్స్ సిబ్బందికి విశాలమైన అంతస్తులు కావాలి. అద్దెకు వచ్చే చిన్న సంస్థలకు ఇరుకైన అంతస్తులు కావాలి. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండే భవనం అవసరమయింది. పైగా ఒకే పెద్ద గొట్టాన్ని ఇంత వెడల్పుగా కడితే దాని ముఖాల నడిమి స్తంభాలు తమ వంతు పని సరిగా చేయవు. మూలలపై భారం మితిమీరుతుంది.

గ్రాహమ్ కొన్ని సిగరెట్లను గుప్పిట పట్టి, ఒకదానికంటె ఒకటి ఎక్కువ తక్కువలుగా పైకి జరిపి ఖాన్‌కు చూపించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ ఎంతవరకు నిజమైనా, పరిష్కారం సరిగ్గా అలాంటిదే. ఒక్కొక్కటి 75 అడుగుల భుజం గల తొమ్మిది చతురస్రపు గొట్టాలను వరుసకు మూడు చొప్పున ఒకదానికొకటి ఆనించి కట్టారు. ప్రక్కప్రక్కనున్న గొట్టాలకు మధ్య స్తంభాల వరుస ఉమ్మడి. లోపలి వరుసలు ఇల్లు నడిమి గోడల వలె బయటి ముఖాలకు బలమిచ్చి, నడిమి స్తంభాలచేత కూడా పని చేయించాయి. మోపులోని కర్రల మాదిరి ఒకదాని బలం మరొకదానికి తోడైంది. అవసరం తీరినచోట ఒక్కొక్క గొట్టాన్ని ఆపివేయవచ్చు. ఎదురెదురు మూలలలోని రెండు గొట్టాలు సుమారు 50వ అంతస్తు వద్ద, తక్కిన రెండు మూలలవి 66వ అంతస్తు వద్ద, మరి మూడు 90వ అంతస్తు వద్ద ముగుస్తాయి. మిగిలిన రెండే శిఖరం దాకా వెళతాయి. దూరంనుండి చూచినవారికి మెట్లు మెట్లుగా తోచే ఆ ఆకారం అలంకారం కోసం పుట్టినది కాదు. అందులోని ప్రతి మెట్టుకూ ఒక అవసరం ఉంది. గాలి సుడులు శిఖరమంతటా ఒకే తాళంలో చెలరేగకుండా చెదరగొట్టడానికి కూడా ఆ మెట్లు తోడ్పడ్డాయి.

1970 ఆగస్టులో తవ్వకం పని ప్రారంభమైంది. బండరాయి దాకా దింపిన 114 పునాదిస్తంభాలపై భవనం నిలబడింది. రెండేసి అంతస్తుల స్తంభాలనూ దూలాలనూ కర్మాగారంలోనే అతికి తెచ్చి, పైన బోల్టులతో బిగించారు. దానివలన ఎత్తులో గాలికి ఎదురొడ్డి చేయవలసిన వెల్డింగు పని బాగా తగ్గింది. మొత్తం మీద 76 వేల టన్నుల ఉక్కు పట్టింది. చికాగోకు గాలినగరమని మారుపేరు. ఆ పేరు అక్కడి నాయకుల గాలిమాటలను బట్టి వచ్చిందని చమత్కరించేవారు కూడా ఉన్నారు. పేరు ఎలా వచ్చినా, సరస్సు మీదినుండి వీచే గాలి మాత్రం నిజమైనదే. ఆ గాలికి భవనశిఖరం సాధారణంగా 15 సెంటీమీటర్ల మేర మాత్రమే కదులుతుంది.

టవర్ పునాదులు తవ్వుతున్న ఆ నెలలు ఖాన్ జీవితంలో మిక్కిలి కఠినమైనవి. 1970 నవంబరులో ఆయన పుట్టిన తూర్పు పాకిస్థాన్ తీరాన్ని భయంకరమైన తుపాను ముంచెత్తింది. మృతులు మూడు లక్షలకు తక్కువ ఉండరని అంచనా. గాలిని ఆకాశంలో నిలువరించే విద్యను సాధించినవాని సొంత నేలమీద అదే గాలి పూరిళ్ళను, ఊళ్ళను ఊడ్చివేసింది. ఆ గాయం మానకముందే 1971 మార్చిలో సైనికచర్య, దాని వెంట విమోచన యుద్ధం వచ్చాయి. లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి భారతదేశం చేరారు. ఖాన్ 1967లోనే అమెరికా పౌరుడయ్యాడు. సంస్థలో భాగస్వామి కూడా అయ్యాడు. తన పని తాను చూచుకొంటే తప్పుపట్టేవారు ఉండేవారు కాదు. పైగా ఆనాటి అమెరికా ప్రభుత్వం పాకిస్థాన్ పక్షాన నిలిచింది. అయినా ఆయన మౌనంగా ఉండలేకపోయాడు. చికాగోలోని బెంగాలీలను కూడగట్టి, బాధితుల సహాయార్థం బంగ్లాదేశ్ ఎమర్జెన్సీ వెల్ఫేర్ అప్పీల్ అనే సంస్థను, ప్రజాభిప్రాయాన్ని కూడగట్టడానికి బంగ్లాదేశ్ డిఫెన్స్ లీగ్‌ను నెలకొల్పడంలో ముందు నిలిచాడు. నిధులు సేకరించాడు, పాకిస్థాన్‌కు ఆయుధాల సరఫరా ఆపించడానికి శాసనసభ్యులను కలుసుకొన్నాడు. పగలు ఉక్కు లెక్కలు, రాత్రి సమావేశాలు. డిసెంబరు 16న బంగ్లాదేశ్ స్వతంత్రమయింది.

1973 మే 3న సియర్స్ టవర్ ఉక్కుచట్రం శిఖరాన్ని అందుకొంది. అంతకుముందే ఒక విచిత్రమైన వ్యాజ్యం నడిచింది. ఈ భవనం అడ్డురావడం వల్ల తమ ఇండ్లలో టెలివిజన్ బొమ్మలు చెదిరిపోతాయని చుట్టుప్రక్కల ప్రాంతాలవారు నిర్మాణాన్ని ఆపించడానికి న్యాయస్థానాలకు వెళ్ళారు. 1972లో న్యాయస్థానాలు వారి వాదాన్ని త్రోసిపుచ్చాయి. చివరికి టెలివిజన్ ప్రసార స్తంభాలు ఆ భవనం నెత్తినే నెలకొన్నాయి. ఇక సియర్స్ సంస్థ వేసుకొన్న అంచనా మాత్రం తారుమారైంది. సిబ్బంది పెరగకపోగా వ్యాపారం సన్నగిల్లింది. 1990 దశకంలో ఆ సంస్థ నగర శివారులోని విశాలమైన ఆవరణకు తరలిపోయింది. ఎవరి అవసరం కోసం భవనం మెట్లు మెట్లుగా రూపొందిందో వారు వెళ్ళిపోయినా, చిన్నపెద్ద అంతస్తులు కలిసి ఉండటం వలన కొత్తగా వచ్చినవారికి అది ఉపయోగపడుతూనే వచ్చింది. 2009లో దాని పేరు విల్లిస్ టవర్‌గా మారింది. చికాగోవాసులలో చాలామందికి పాతపేరే నోట నానింది.

ఖాన్ ఉక్కు, కాంక్రీటులతోనే కాలం గడిపినవాడు కాదు. రవీంద్రుని గీతాలంటే ఆయనకు ప్రాణం. మిత్రులు కూడినప్పుడు బెంగాలీలో పాడేవాడు. ఇంజనీరు తన పనిముట్టులో మునిగి మనుషులను మరువరాదని ఆయన గట్టిగా నమ్మాడు. భార్య లీసెలోట్ ఆస్ట్రియా దేశస్థురాలు. కుమార్తె యాస్మిన్ తండ్రి బాటలోనే నిర్మాణ ఇంజనీరై, 2004లో ఆయన కృషిపై ఒక గ్రంథం వెలువరించింది. కంప్యూటర్లు గదులను నింపే యంత్రాలుగా ఉన్న రోజులలోనే వాటిని నిర్మాణ గణనకు వినియోగించడంలో ఖాన్ ముందున్నాడు. 1972లో ఇంజనీరింగ్ న్యూస్ రికార్డ్ అనే ప్రసిద్ధ పత్రిక ఆయనను ఆ ఏటి విశిష్ట వ్యక్తిగా ఎంపిక చేసింది.

ఆకాశాన్నంటే భవనాల తరువాత ఆయన చేపట్టిన గొప్ప పనులలో ఒకటి నేలను అంటిపెట్టుకొన్న గుడారాల సముదాయం కావడం విశేషం. సౌదీ అరేబియాలోని జెడ్డా విమానాశ్రయంలో హజ్ యాత్రికులు లక్షల సంఖ్యలో కొద్దివారాల వ్యవధిలో దిగుతారు. గంటల తరబడి వేచి ఉంటారు. అంతటి స్థలాన్ని యంత్రాలతో చల్లబరచడం అలవికాని పని. ఖాన్, ఆయన సహచరులు ఎడారి సంచారుల గుడారాలను తలచుకొన్నారు. టెఫ్లాన్ పూసిన గాజునారతో 45 మీటర్ల భుజం గల 210 గుడారాలను ఉక్కుతీగలకు వేలాడదీశారు. ఆ బట్ట ఎండవేడిని వెనుకకు మళ్ళించి వెలుతురును మాత్రం లోనికి వడగడుతుంది. పైనున్న రంధ్రాలగుండా వేడిగాలి వెడలిపోతుంది. జీవితమంతా గాలిని ఎదిరించినవాడు ఇక్కడ గాలితో చెలిమి చేశాడు. ఈ హజ్ టెర్మినల్ 1981లో వినియోగంలోకి వచ్చింది. 1983లో దీనికి ఆగా ఖాన్ వాస్తుకళా పురస్కారం లభించింది.

ఆ పురస్కారాన్ని చూడటానికి ఖాన్ లేడు. 1982 మార్చి 27న జెడ్డాలోనే గుండెపోటుతో ఆయన మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరాలు. బంగ్లాదేశ్ ప్రభుత్వం 1999లో మరణానంతరం స్వాధీనతా పురస్కారం ప్రకటించింది. చికాగో నగరపాలకులు టవర్ పాదాల చెంత వీధి కూడలికి ఆయన పేరు పెట్టారు. 1998లో కౌలాలంపూర్‌లోని పెట్రోనాస్ జంట భవనాలు సియర్స్ టవర్ ఎత్తును దాటాయి. 2010లో దుబాయిలో ప్రారంభమైన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా నిర్మాణ రూపకల్పన ఖాన్ పనిచేసిన సంస్థ చేతులమీదుగానే జరిగింది. అందులో కూడా అంతస్తులు మెట్లు మెట్లుగా సన్నబడుతూ గాలిని చెదరగొడతాయి.

ఖాన్ భౌతికకాయాన్ని చికాగోకు తెచ్చి గ్రేస్‌ల్యాండ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆ నగరానికి రూపురేఖలు దిద్దిన లూయీ సలివాన్, మీస్ వాన్ డెర్ రోవ వంటి వాస్తుశిల్పుల సమాధులు అక్కడే ఉన్నాయి. 2010లో కన్నుమూసిన బ్రూస్ గ్రాహమ్‌ను కూడా అదే వాటికలో ఖననం చేశారు.